రోడిన్ మరణించాక పోసిన కంచు విగ్రహాలు రోడిన్‌వేనా?

సన్నివేల్ నివాసి (చర్చ ప్రారంభించినవారు)

అమెరికాలో మేముండే చోటికి అరగంట దూరంలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి కాంటర్ మ్యూజియం పక్కన, ఆరుబయట, ఫ్రెంచి శిల్పి రోడిన్ విగ్రహాల తోట ఉంది. టిక్కెట్టు లేదు కనుకనూ, పెద్దవాళ్లు తీరిగ్గా కూర్చోవచ్చు కనుకనూ, ఇక్కడి తెలుగువాళ్లం ఇండియా నుంచి వచ్చిన తల్లిదండ్రులకు చూపించే చోట్లలో అదొకటి. పోయిన నెల మా నాన్నగారిని తీసుకువెళ్లాను. ఆరు మీటర్లకు పైగా ఎత్తుతో, రెండు వందలకు దగ్గరగా బొమ్మలతో, తలుపులని పేరే గాని ఎన్నడూ తెరుచుకోని 'నరకద్వారం' ముందు ఆయన చాలాసేపు నిలబడ్డారు. తలుపుల నెత్తిన తలలు వంచుకుని నిలబడ్డ ముగ్గురినీ, వాళ్ల కింద చేతి మీద గడ్డం ఆనించి కూర్చున్న 'ఆలోచనాపరుడి'నీ చూపించాను. "ఎప్పటిదిరా ఇది?" అని అడిగారు. వివరం చూస్తే, 1977లో పోత పని మొదలుపెట్టి 1981లో ముగించారని తేలింది. రోడిన్ 1840లో పుట్టి 1917 నవంబరు 17న పోయాడు. అంటే పని ముగిసేనాటికి ఆయన పోయి అరవై నాలుగేళ్లు. "అయితే ఆయన చేసింది కాదన్నమాట" అని నాన్నగారు బల్ల వైపు నడిచారు. ఆ పూట ఇంకే బొమ్మ దగ్గరా ఆగలేదు.

ఆయనకు ఏం చెప్పాలో నాకు తెలియలేదు. మనిషి పోయిన అరవై ఏళ్లకు, ఆయన చూడని మనుషులు, ఆయన అడుగుపెట్టని పోతశాలలో పోసిన కంచును ఆయన కృతి అనవచ్చునా? ప్రతిరూపం అంటే సరిపోతుందా? తెలిసినవారు ఆధారాలతో చెప్పమని కోరుతున్నాను.

రేఖ

మీ నాన్నగారి అనుమానం సహజమే. ఆయన మనసులో శిల్పి అంటే ఉలి పట్టుకుని రాయి చెక్కేవాడు. రోడిన్ ఆ కోవకు చెందినవాడు కాడు, ఆయన మట్టితో బొమ్మ చేసే మనిషి. మట్టితో చేసిన దానికి సహాయకులు అచ్చు తీసి ప్లాస్టర్ ప్రతి తయారుచేస్తారు, ఆ ప్లాస్టర్ పోతశాలకు వెళ్తుంది. రోడిన్ బతికుండగా పోసిన కంచులో కూడా ఆయన చేత్తో పోసినది ఒక్కటీ లేదు. పాలరాయి సంగతి చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. 'ముద్దు' పేరుతో లోకమంతటికీ తెలిసిన పాలరాతి జంటను ప్రభుత్వం 1888లో అడిగితే, దాన్ని చెక్కినవాడు జాన్ తుర్కాన్. బుర్దెల్, పొంపోన్, దెస్పియో వంటి, తరవాత స్వయంగా పేరు తెచ్చుకున్న శిల్పులు రోడిన్ శిల్పశాలలో కూలికి రాయి చెక్కారు. చేతి పనే కొలబద్ద అయితే, పోయాక పోసినవాటితో పాటు బతికుండగా చేయించినవాటిలో సగానికి పైగా కొట్టేయవలసివస్తుంది.

ఇక హక్కు విషయం. 1916లో రోడిన్ మూడు విడతలుగా తన కృతులను, సేకరణలను, వాటితో పాటు తన రచనాహక్కును ఫ్రెంచి ప్రభుత్వానికి దానపత్రం రాసి ఇచ్చాడు. అదే డిసెంబరులో పార్లమెంటు చట్టం చేసి దాన్ని స్వీకరించింది. బదులుగా ఆయన కోరింది, పారిస్‌లో తాను పని చేసుకుంటున్న బిరోన్ భవనం తన పేరిట మ్యూజియం కావాలని. అది 1919లో తెరుచుకుంది, తన ఖర్చులు చాలావరకు కంచు ప్రతులు పోయించి అమ్ముకుని తానే భరిస్తూ వచ్చింది. ఎవరో దొంగతనంగా చేసిన పని కాదిది. శిల్పి తెలిసి, కోరి, రాసి ఇచ్చినది.

బాల్జాక్ విగ్రహం కథ కూడా చెప్పాలి. రచయితల సంఘం 1891లో ఆ పని ఆయనకు అప్పగించింది. ఏడేళ్లు కిందా మీదా పడి, 1898లో సలోన్ అనే వార్షిక కళాప్రదర్శనలో ఆయన నిలబెట్టిన ప్లాస్టర్‌ను చూసి పారిస్ నవ్వింది. నిలువుటంగీ కప్పుకున్న నిటారు బండ, దాని పైన సింహం లాంటి తల. సంఘం వద్దంది. రోడిన్ తీసుకున్న డబ్బు తిరిగిచ్చి బొమ్మను మ్యూదోన్‌లో తన ఇంటికి తెచ్చుకున్నాడు. ఆయన బతికుండగా అది కంచు కాలేదు. 1939లో మోంపర్నాస్ కూడలిలో నిలబెట్టినప్పుడు ఆయన పోయి ఇరవై రెండేళ్లు. మరణానంతరపు పోతలన్నీ నకళ్లే అనే పక్షాన, ఆధునిక శిల్పకళకు తలవాకిలి అనదగిన ఆ విగ్రహానికి 'అసలు కంచు' అనేదే లేదనవలసి ఉంటుంది. అది నేను ఒప్పుకోలేను.

శంకితుడు

రేఖ గారు రెండు వేరువేరు సంగతులను ఒకే తాటికి కట్టారు. హక్కు ఉండడం ఒకటి, కర్తృత్వం ఉండడం ఒకటి. నా ఆస్తి నా కొడుక్కు వస్తుంది, నా దస్తూరీ రాదు. ఫ్రెంచి ప్రభుత్వానికి పోత పోయించుకునే అధికారం ఉందని ఎవరూ కాదనడం లేదు. ఆ అధికారంతో పోసినదాన్ని గోడ మీద 'రోడిన్, 1880' అని రాసి నిలబెట్టడాన్నే ప్రశ్నిస్తున్నాము.

రోడిన్ తన చేత్తో పోయలేదు, నిజమే. అయితే వచ్చిన పోతను చూసి ఇది పనికొస్తుంది, ఇది పనికిరాదు అనే కన్ను ఆయనది. 1900 తరవాత కంచుకు రంగు వేయించే పనిని ఆయన జాన్ లిమె అనే ఒకే మనిషికి అప్పగించి, ఏ విగ్రహానికి ఏ ఛాయ కావాలో పట్టుబట్టి చేయించుకునేవాడు. ఆకుపచ్చ, గోధుమ, నలుపు, వాటి మధ్య ఎక్కడ వెలుగు పట్టాలి అన్నది బొమ్మ చూపును మార్చేస్తుంది. 1981 నాటి ద్వారానికి ఆ కన్ను లేదు.

మ్యూజియాలకే ఈ తేడా బాగా తెలుసు. అమెరికాలో క్లీవ్‌లాండ్ మ్యూజియం మెట్ల ముందున్న 'ఆలోచనాపరుడు' రోడిన్ పర్యవేక్షణలో పోసిన చివరి పెద్ద ప్రతుల్లో ఒకటి. 1970 మార్చిలో ఎవరో రాత్రివేళ డైనమైట్ పెట్టి పేల్చారు. పాదాలు పోయాయి, అడుగుభాగం విచ్చుకుపోయింది. కొత్త ప్రతి పోయించి అక్కడ పెట్టే దారి వాళ్లకు ఉంది. విరిగినచోట అతికించే దారీ ఉంది. రెండూ కాదని, విరిగిన విగ్రహాన్ని విరిగినట్టే తిరిగి నిలబెట్టారు, ఈనాటికీ అలాగే ఉంది. కొత్త పోత అచ్చంగా అసలుతో సమానమే అయితే, కాళ్లు లేని బొమ్మను యాభై ఏళ్లుగా వాకిట్లో ఎందుకు నిలబెట్టుకున్నారు?

పోతపని

పెద్దలు మాట్లాడుకుంటున్న చోట నాకు తెలిసిన పని గురించి రెండు మాటలు చెబుతాను. మాది గోదావరి జిల్లా. మా నాన్నగారి కాలం నుంచి నాయకుల విగ్రహాలు పోయడం మా ఇంటి వృత్తి.

ముందు ఇనుప చట్రం మీద బంకమట్టితో బొమ్మ నిలుపుతాం, దీన్నే క్లే మోడల్ అంటాం. దాని మీద ప్లాస్టర్ వేసి అచ్చు తీస్తే, లోపలి మట్టి తవ్వి పారేయాల్సిందే. అంటే శిల్పి వేళ్లు తాకిన మట్టి ఆ రోజే పోతుంది. ఆ అచ్చులో పోసిన మొదటి ప్లాస్టరే ఇక మాకు తల్లిబొమ్మ. దాని మీద మౌల్డు తీసి, లోపల నాలుగైదు మిల్లీమీటర్ల మందాన మైనం పట్టించి, ఆ డొల్లలో లోపలి దిమ్మగా ఉండే 'గుండు' నింపి, కంచు వెళ్లే దారికీ గాలి వచ్చే దారికీ మైనపు గొట్టాలు అతికించి, పైన మట్టి పూతలు వేసి, బట్టీలో కాలిస్తే మైనం కారిపోతుంది. ఆ ఖాళీలోకి కంచు వెళ్తుంది. రోడిన్ గారి కాలంలో రుద్యే పోతశాల ఎక్కువగా ఇసుక అచ్చులతో పోసేదని, మీరు చూసిన ద్వారాన్ని కుబెర్తాన్ పోతశాల మైనం పద్ధతిలో పోసిందని చదివాను. ఈ రెండింటికీ తేడా ఉంది. ఇసుక పోతలో కంచు బయటికి వచ్చాక ఆకురాయితో, సన్న ఉలితో సాపు చేసేవాడి చెయ్యి పడుతుంది. మైనం పోతలో అంతకు ముందే, మైనం మీద గాట్లు పూడ్చి సవరించేవాడి చెయ్యి పడుతుంది. ఎలా పోసినా మూడో మనిషి చెయ్యి తప్పదు. మంచి పనివాడు తన చెయ్యి కనబడనివ్వడు. అత్యుత్సాహం ఉన్నవాడు శిల్పి వదిలిన వేలిగుర్తును కూడా నునుపు చేసి పారేస్తాడు. రోడిన్ గారైతే అచ్చు ముక్కలు కలిసినచోట లేచిన గీతలను సైతం తీయకుండా కావాలనే వదిలేశారట. ఆయన ప్లాస్టర్‌లో ఆ గీత ఉంటే కంచులో ఆ గీత ఉండాలి. లేకపోతే ఎవరో సర్దినట్టే.

ఇంకొక రకం ఉంది, దాన్ని మాత్రం నేను ఒప్పుకోను. ప్లాస్టర్ దొరక్క, ఉన్న కంచు బొమ్మ మీదే మౌల్డు తీసి మళ్లీ పోస్తారు. చల్లారేటప్పుడు కంచు నూటికి ఒకటిన్నర, రెండు వంతులు కుంచించుకుపోతుంది, అంచులు మొద్దుబారుతాయి. మా దగ్గరికి ఒకాయన అలాంటి పని తీసుకొచ్చాడు, మేము పోసిన విగ్రహమే, ఇంకొక ఊళ్లో తీయించిన మౌల్డుతో. ముక్కు చూడగానే ఇది మా ముక్కు కాదని మా నాన్నగారు కనిపెట్టారు. టేపుతో కొలిస్తే ఎత్తులో వేలెడు తక్కువుంది.

న్యాయపక్షం

పోతపని గారు చేతిపనిగా చెప్పినదే ఫ్రాన్సులో న్యాయసూత్రం అయింది. ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానం 2012లో కెమిల్ క్లోదెల్ 'కెరటం' అనే శిల్పం వివాదంలో, శిల్పి స్వయంగా చేసిన ప్లాస్టర్ నుంచో కాల్చిన మట్టి నుంచో పరిమిత సంఖ్యలో పోసిన కంచు ప్రతులే అసలు ప్రతులని, ఉన్న శిల్పం మీద అచ్చు తీసి పోసినది నకలేనని తేల్చింది. కెమిల్ క్లోదెల్ 1884 ప్రాంతంలో రోడిన్ శిల్పశాలలో సహాయకురాలిగా చేరినది, స్వయంగా గొప్ప శిల్పి, చివరి ముప్పై ఏళ్లు మానసిక చికిత్సాలయాల్లో గడిపి 1943లో మరణించింది. ఆమె కథ వేరే చర్చకు తగినది, అటు వెళ్లను. ఈ తీర్పు ప్రకారం కొలబద్ద శిల్పి మరణతేదీ కాదు, ఏ మూలం నుంచి పోశారన్నదే. 1981 నాటి ఫ్రెంచి డిక్రీ ఒకటి, నకళ్ల మీద 'ప్రతిరూపం' అనే మాటను చెరగని విధంగా వేయాలంటుంది.

సంఖ్య విషయంలో పరిమితి పన్నెండు. అందులో ఎనిమిది అమ్మకానికి, నాలుగు సాంస్కృతిక సంస్థలకు. రోడిన్ మ్యూజియం 1968 నుంచి దీన్ని పాటిస్తున్నది. ఆరుగురు నగరవాసులను కలిపి నిలబెట్టిన 'కలే పురజనులు' ఉదాహరణ చూడండి. మొదటి ప్రతి 1895లో కలే పట్టణంలో ఆవిష్కరించినది, పన్నెండవది, ఆఖరిది, 1995లో సియోల్ కోసం పోసినది. మధ్యలో నూరేళ్లు. కలే, కోపెన్‌హాగెన్, బెల్జియంలోని మరీమోన్, లండన్, ఈ నాలుగే రోడిన్ జీవితకాలపు పోతలు. మిగిలిన ఎనిమిదీ తరవాతివి. చట్టం దృష్టిలో పన్నెండూ సమానం.

శంకితుడు

న్యాయపక్షం గారు ఉదహరించిన పన్నెండు అనే అంకె శిల్పశాలలో పుట్టలేదు. ఏ కంచును కళాఖండంగా పరిగణించి పన్ను తగ్గించాలి, ఏ కంచును మామూలు సరుకుగా చూడాలి అని తేల్చడానికి పన్నుల శాఖ పెట్టుకున్న గిరి అది. పదమూడో ప్రతిలో రోడిన్ ఆత్మ ఉన్నట్టుండి ఎలా ఆవిరవుతుందో ఎవరూ చెప్పలేరు. అదీగాక రోడిన్ స్వయంగా ఆ గిరిని పాటించలేదు. 1898లో బర్బెద్యెన్ కంపెనీతో ఇరవై ఏళ్ల ఒప్పందం చేసుకుని, 'ముద్దు', 'నిత్యవసంతం' బొమ్మలను రకరకాల సైజుల్లో పోసి అమ్ముకొమ్మన్నాడు. ఒక్క 'ముద్దే' మూడు వందలకు పైగా అమ్ముడైంది. ఇది నా పక్షానికి బలమా, రేఖ గారి పక్షానికి బలమా అని నన్ను నేనే అడుగుతున్నాను, నిజాయితీగా చెప్పాలంటే రెండోదే. అయినా వ్యాపారికి అమ్ముకొమ్మని ఇచ్చిన అలంకార వస్తువు, తాను ఇరవై ఏళ్లు పెనుగులాడిన ద్వారం, ఈ రెండింటినీ ఆయన ఒకే కళ్లతో చూశాడని నేను నమ్మను.

నా అసలు అభ్యంతరం ఆ ద్వారం మీదే. 1880లో ప్రభుత్వం, కట్టబోయే అలంకార కళల మ్యూజియానికి తలుపులు చేయమంది. ఆ మ్యూజియం అక్కడ ఎన్నడూ లేవలేదు. ఆ స్థలంలో ఓర్సే రైలుస్టేషను వచ్చింది, స్టేషను తరవాతి కాలంలో మ్యూజియంగా మారింది. తలుపులు పెట్టుకునే గోడ లేకుండా పోయినా రోడిన్ పని ఆపలేదు. బొమ్మలు పెట్టడం, తీయడం, తీసినవాటిని పెద్దవి చేసి విడిగా నిలబెట్టడం. 'ఆలోచనాపరుడు' అలా ద్వారం నుంచి దిగి వచ్చినవాడే. మొదట డెబ్బై సెంటీమీటర్లు, 1904కు నిలువెత్తును మించిన వాడయ్యాడు, 1906లో పారిస్‌లోని పాంథియన్ కట్టడం ముందు కూర్చున్నాడు. 1900లో తన సొంత ప్రదర్శనలో రోడిన్ నరకద్వారం ప్లాస్టర్‌ను జనానికి చూపించినప్పుడు దాని మీద బొమ్మల్లో చాలా మటుకు లేవు. దాదాపు ఖాళీ తలుపులు. వాటిని ఆయన తిరిగి పూర్తిగా కూర్చలేదు. 1917లో, ఆయన జబ్బుతో కుర్చీకి అంటుకుపోయిన రోజుల్లో, మ్యూజియానికి మొదటి అధికారి కాబోతున్న లెయోన్స్ బెనెదీత్ ముక్కలన్నీ తెచ్చి కూర్పించాడు. ఆ కూర్పు నుంచే తరవాతి పోతలన్నీ. మొదటి కంచు ద్వారాలు 1920ల చివరకు గాని రాలేదు, ఫిలడెల్ఫియాలో సినిమాహాళ్ల యజమాని మాస్ట్‌బామ్ డబ్బు పెట్టడం వల్ల. ఇప్పుడు ఫిలడెల్ఫియా, పారిస్, టోక్యో, జ్యూరిచ్, స్టాన్‌ఫర్డ్, షిజుఒకా, సియోల్, ఎక్కడ చూసినా అదే కూర్పు. ఏ బొమ్మ ఎక్కడుండాలో శిల్పి చివరిమాట చెప్పని కృతికి, ఇదే చివరిమాట అని మనం కంచు పోసి బిగించాం.

1981లో వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో జరిగిన ప్రదర్శనలో స్టాన్‌ఫర్డ్ ద్వారాన్ని చూపించి, దాని పోతను చిత్రించిన సినిమా కూడా వేశారు. అమెరికన్ విమర్శకురాలు రోజలిండ్ క్రౌస్ ఆ ఏడాదే దాని మీద ఒక వ్యాసం రాసింది. ఈ ద్వారానికి అసలు అనేదే లేనప్పుడు నకలు అనే మాటకు అర్థమేమిటన్నది ఆవిడ ప్రశ్న సారం. ఆవిడ రోడిన్‌ను తప్పుపట్టలేదు, 'అసలు' అనే మాట మీద మనకున్న భక్తిని తప్పుపట్టింది. నేను అంత దూరం వెళ్లను. నాకు ఆ భక్తి ఉంది.

రేఖ

ద్వారం విషయంలో శంకితుడు గారు చెప్పినదానిలో చాలా భాగం ఒప్పుకుంటాను. బెనెదీత్ ఆ పని రోడిన్ అనుమతితోనే చేశాడన్నది నిజమే గాని, 1917లో ఆయన ఇచ్చిన అనుమతికి 1890లో ఆయన చేసే నిర్ణయానికి ఉన్న బరువు లేదు. అయినా ఆ ద్వారం నెత్తినున్న ముగ్గురిని ఒకసారి చూడండి. వాళ్లు ముగ్గురు కారు. ఒకే బొమ్మను మూడుసార్లు పోసి, మూడు కోణాల్లో తిప్పి, పక్కపక్కన నిలబెట్టాడు రోడిన్. ప్రతిని ప్రతి పక్కన పెట్టి, ఆ పక్కన మరో ప్రతి పెట్టి, అందులోంచి కొత్త అర్థం పుట్టించిన మొదటివాడు ఆయనే. చేతులు, కాళ్లు, తలలు విడివిడిగా ప్లాస్టర్‌లో పోసి సొరుగుల నిండా దాచుకుని, ఒకరి ముఖానికి ఇంకొకరి చెయ్యి తగిలించి చూసేవాడు. కెమిల్ ముఖం పక్కన కలే పురజనుల్లో ఒకడి ఎడమచెయ్యి పెట్టిన ప్లాస్టర్ ఇప్పటికీ ఉంది. ప్రతి మీద ఇంత మోజున్న మనిషికి 'ఒకే ఒక్కటి' అనే నియమాన్ని మనం తగిలించడం అన్యాయం.

తొలినాళ్లలో ఆయన మీద పడ్డ నింద కూడా ఇలాంటిదే. 1877లో 'కంచుయుగం' బ్రస్సెల్స్‌లోనూ, పారిస్ సలోన్‌లోనూ పెట్టినప్పుడు, ఇంత సహజంగా ఉంది కాబట్టి బతికున్న మనిషి ఒంటి మీదే అచ్చు తీశాడన్నారు. ఆ నమూనాకు నిలబడ్డ బెల్జియం సైనికుడు ఒగ్యూస్త్ నేత్ ఫోటోలు పంపి, శరీరానికీ శిల్పానికీ ఉన్న తేడాలు చూడండని రోడిన్ మొరపెట్టుకోవలసివచ్చింది. 1880లో ప్రభుత్వం ఆ విగ్రహాన్ని కొన్నాకనే ఆ మచ్చ తొలగింది. అచ్చు తీశాడని బతికుండగా తిట్టారు, అచ్చు తీయించారని పోయాక తిడుతున్నాం.

ఎగ్మూరు పాఠకుడు

నేను మద్రాసు తెలుగువాణ్ని. ఈ చర్చకు ఒక పక్కదారి ఉంది, కాని రోడిన్‌తో నిజంగా సంబంధం ఉన్నదే. మా ఎగ్మూరు మ్యూజియంలోని నటరాజ కంచు మూర్తుల మీద రోడిన్ 1913 ప్రాంతంలో ఒక చిన్న రచన చేశాడు, అది ఆయన పోయాక 1921లో అచ్చయింది. శివుడి పెదవి గురించి, తొడ మీద వెలుగు జారే తీరు గురించి, పూజ చేస్తున్నట్టు రాశాడు. ఆ మూర్తులను ఆయన ఎన్నడూ చూడలేదు. గొలుబెవ్ అనే రష్యన్ పండితుడు చూపిన ఫోటోలే ఆధారం. ఆయన ఆ పారవశ్యానికి అసలు మూర్తి ఎదుట లేకపోవడం అడ్డు కాలేదు.

అయితే ఆ మూర్తులు పోసినవారి పద్ధతి మాత్రం శంకితుడు గారి పక్షాన ఉంది. మన స్థపతులు నేరుగా మైనంలోనే మూర్తిని మలిచి, మట్టి పూసి, మైనం కరిగించి, లోహం పోసి, చివరికి మట్టిని పగలగొట్టి మూర్తిని తీస్తారు. మైనమూ పోతుంది, అచ్చూ పోతుంది. రెండో మూర్తి కావాలంటే మళ్లీ మైనం ముద్ద దగ్గర మొదలుపెట్టవలసిందే. అక్కడ ప్లాస్టర్ తల్లిబొమ్మ లేదు కనుక 'ఎన్నో ప్రతి' అనే ప్రశ్నే పుట్టదు. బహుశా సన్నివేల్ గారి నాన్నగారి మనసులో ఉన్న కొలబద్ద ఇదేనేమో. విగ్రహం అనగానే మనకు ఒకటే గుర్తొస్తుంది, రెండోదాన్ని ఉత్సవమూర్తి అనుకుంటాం గాని అదే అనుకోము.

పోతపని

ఎగ్మూరు గారు చెప్పింది నిజం. అయితే ఒక సంగతి. ప్లాస్టర్ ఉన్నంతకాలం శిల్పి నిర్ణయం ఉన్నట్టే. ప్లాస్టర్ కూడా అరుగుతుంది, ఒక్కొక్క మౌల్డు తీసినప్పుడల్లా సబ్బు, నూనె పట్టించాలి, ముక్కు కొన, వేలి కొన కొంచెం కొంచెం పోతాయి. మౌల్డు నేరుగా తల్లిబొమ్మ మీద తీశారా, దాని పిల్లబొమ్మ మీద తీశారా అన్నది చట్టం కంటే నాకు ముఖ్యం.

న్యాయపక్షం

ఒక పోలిక మిగిలింది. రోడిన్ పోయిన ఏడాదే, అంతకు రెండు నెలల ముందు, చిత్రకారుడు దెగా పోయాడు. ఆయన గదుల్లో మైనపు బొమ్మలు నూట యాభై దాకా దొరికాయి, చాలావరకు విరిగి, ఎండి. బతికుండగా ఆయన వాటిని కంచు చేయించలేదు. 1881లో బట్టగౌను తొడిగి ప్రదర్శించిన చిన్న నర్తకి తప్ప వేరే బొమ్మను జనానికి చూపలేదు. వారసులు డెబ్బైకి పైగా ఎంపిక చేసి ఎబ్రార్ పోతశాలలో పోయించారు. ఇవాళ మ్యూజియాల్లో కనిపించే దెగా కంచు దాదాపు అంతా అదే. రోడిన్ పోతల్లో ఆయన ఇష్టం రాతపూర్వకంగా ఉంది, దెగా పోతల్లో అది లేదు. మరణానంతరం అనే ఒకే మాటతో ఈ ఇద్దరినీ ఒకే గాటన కట్టడం తప్పు.

శంకితుడు

దెగా విషయంలో మనందరిదీ ఒకే మాట అనుకుంటాను. రోడిన్ విషయంలో నా అభిప్రాయం కొంత మారింది, దాచుకోను. 'ఆలోచనాపరుడు', 'బాల్జాక్', 'పురజనులు', వీటి రూపాన్ని రోడిన్ పూర్తిగా నిర్ణయించి ప్లాస్టర్‌లో వదిలి వెళ్లాడు. వాటి మీద తీసిన పోతలు, పోసిన తేదీ, పోతశాల పేరు చెప్పినంత కాలం ఆయనవే అనడానికి అభ్యంతరం లేదు. ఆ పేరు మీద కూడా కాస్త జాగ్రత్త కావాలి. కంచు మీద 'అలెక్సి రుద్యే' అని ఉంటే ఆ మనిషే పోశాడనుకోవద్దు, ఆయన 1897లోనే పోయాడు, కొడుకు యూజేన్ 1952 దాకా తండ్రి పేరే కొడుతూ వచ్చాడు. నకిలీలు చేసేవాళ్లకు ఆ ముద్ర మీదే మక్కువ.

నరకద్వారాన్ని మాత్రం 'రోడిన్ బొమ్మలు, బెనెదీత్ కూర్పు' అని రాయాలంటాను.

సన్నివేల్ నివాసి (చర్చ ప్రారంభించినవారు)

అందరికీ కృతజ్ఞతలు. నాన్నగారు ఇంకో పది రోజులు ఇక్కడే ఉంటారు. ఈ చర్చంతా కాగితాల మీద ప్రింటు తీసి ఇచ్చాను, తెరమీద చదవలేరు. నిన్న శనివారం ఆయనే బయలుదేరదీశారు.

ఈసారి బల్ల వైపు వెళ్లలేదు. ముందు పైనున్న ముగ్గురిని చూశారు. ఒకే బొమ్మ అని తెలిశాక కూడా నమ్మకం కలగక, నన్ను ఎడమ వైపు నుంచీ కుడి వైపు నుంచీ ఫోటోలు తీయమని, ఫోనులో పక్కపక్కన పెట్టి మెడనరం దగ్గర పోల్చి చూసుకున్నారు. తరవాత చేతికందేంత ఎత్తున ఉన్న బొమ్మల్లో పోతపని గారు చెప్పిన గీతలు వెతికారు. ఒకచోట దొరికింది, చేయి పెట్టబోతే నేను ఆపాను. అక్కడినుంచి క్యాంపస్ లోపల, పీఠాలేమీ లేకుండా నేల మీదే నిలబెట్టిన కలే పురజనుల దగ్గరికి నడిచాం. వాళ్ల మధ్య నిలబడి ఫోటో దిగారు. వాళ్లూ తరవాతి పోతలేనని నేను గుర్తుచేస్తే, "వీళ్ల లెక్క వేరు, ఆయన తేల్చి పెట్టి పోయాడు" అన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు ద్వారం పక్కన వివరాలన్నీ మళ్లీ నాచేత చదివించుకుని, "పోత తేదీ చెప్పినవాళ్లు ఆ బెనెదీత్ పేరు కూడా రాయవలసింది" అన్నారు.

శంకితుడు

నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. నేను మూడు టపాల్లో అడిగింది అదే.